క్రిస్మస్ అయిపోయింది, ఇక లెక్కలు చెప్పండి

సంఘ క్యాలెండర్ తయారుచేసే పెద్దలకి ఒక మనవి. క్రిస్మస్ ముందొచ్చే ఆగమన కాలానికి ఊదా రంగు ఇచ్చారు, క్రిస్మస్‌కి తెలుపు, ఈస్టర్ ముందొచ్చే శ్రమకాలానికి మళ్లీ ఊదా, పెంతెకొస్తుకి ఎరుపు. బాగుంది. క్రిస్మస్ సందడి తగ్గిన దగ్గర్నుంచి శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం దాకా ఉన్న వారాలకి మాత్రం ‘ఎపిఫనీ కాలం’ అని ఓ పేరు రాసి, బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి చేతులు దులిపేసుకున్నారు. ఆ పేరు మా గుళ్లో పాస్టరు అయ్యగారికీ, క్యాలెండర్ అచ్చేసిన ప్రెస్సాయనకీ తప్ప మూడో మనిషికి తెలీదు. తెలిసినా లాభం లేదు, గోదావరి జిల్లాల్లో మా బోటి సంఘాల్లో ఆ వారాల్లో జరిగేది వేరు. కాబట్టి నా ప్రతిపాదన ఏంటంటే, దీన్ని అధికారికంగా ‘లెక్కల కాలం’ అని ప్రకటించాలి, రసీదు పుస్తకంలో ఉండే కార్బన్ కాగితం నీలం రంగు దీనికి కేటాయించాలి. నేను సరదాకి అనట్లేదు.

ముందు ఈ కాలం ఎంత పొడుగో తేలాలి. మనం తిథులూ వారాలూ చూసే మనుషులం కాదు కదా, ఆ మాట ప్రతి సంక్రాంతికీ పక్కింటివాళ్లకి చెబుతూనే ఉంటాం. అయితే ఈస్టర్ ఎప్పుడొస్తుందయ్యా అంటే, మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక పడే ఆదివారం. అక్కణ్నుంచి 46 రోజులు వెనక్కి లెక్కేస్తే భస్మ బుధవారం, మధ్యలో ఆదివారాలు తీసేస్తే నలభై. (పౌర్ణమి చూసి పండగ పెట్టుకోవడం పంచాంగం కిందకి రాదని మా సెక్రటరీ గారి అభిప్రాయం.) అందుకే 2025లో మార్చి 5 దాకా తీరిగ్గా సాగిన కాలం, 2026కి వచ్చేసరికి ఫిబ్రవరి 18కే సరి, 2027లో ఇంకా ముందు, ఫిబ్రవరి 10. ఇంత తక్కువ టైములో క్రిస్మస్ జమాఖర్చులు, కమిటీ ఎన్నికలు, కోత పండుగ, పెళ్లిళ్లు అన్నీ తెమలాలంటే ఏ సంఘానికైనా టెన్షనే. 2024లో అయితే భస్మ బుధవారం సరిగ్గా ఫిబ్రవరి 14న పడింది. ఆ సాయంత్రం ఉపవాస ప్రార్థనకని ఇంట్లో చెప్పి బయల్దేరిన యూత్ ఎంతమంది, గుడి దాకా చేరింది ఎంతమంది అన్న ఒక్క లెక్క మాత్రం ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

నిజానికి ఈ కాలం డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలోనే మొదలైపోతుంది. పన్నెండు కొట్టగానే వందనాలు చెప్పుకుని, కేకు ముక్క నోట్లో వేసుకుని, కొత్త ఏడాదికి తలా ఒక బైబిల్ వాక్యం వచ్చే వాగ్దాన కార్డులకి లైను కడతాం. ఈ కార్డుల మీదికి వాక్యాలు ఎవరు ఏరతారో గానీ, బైబిల్లో ఉన్న గద్దింపులన్నీ వాళ్ల కంట పడకుండా తప్పించుకున్నాయి. తన సిలువను ఎత్తికొని నన్ను వెంబడింపవలెను అన్న కార్డు ఇంతవరకూ ఎవరికీ వచ్చిన దాఖలా లేదు, వస్తే ప్రెస్సువాళ్ల పొరపాటనుకుని మార్చి ఇమ్మంటారు. ఒక ఏడాది ద్వితీయోపదేశకాండంలోని ‘నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు’ అన్న కార్డు, సెక్రటరీ పోస్టుకి నిలబడదామనుకుంటున్న ఇద్దరికీ వచ్చింది. ఒకే ట్రే, ఒకే వాక్యం, రెండు తలకాయలు. ఇద్దరూ కార్డు కళ్లకద్దుకున్నారు, ఇద్దరూ పర్సులో పెట్టుకున్నారు, ఇక దేవుడే ఇరకాటంలో పడ్డాడు. ఆ మర్నాటి నుంచి ఇంటింటి ప్రార్థనలు ఎంత జోరుగా సాగాయంటే, ఏడాదంతా మంచం పట్టి అయ్యగారు తప్ప ఎవరూ గుమ్మం తొక్కని ముసలమ్మల దగ్గరికి కూడా ఇద్దరూ పోటీపడి పళ్లు పట్టుకెళ్లారు. మా ఇంటికొచ్చిన ఒకాయన కళ్లు మూసుకుని, “తండ్రీ, నీ మందిరంలో పదవుల కోసం పాకులాడేవాళ్ల మనసు మార్చు ప్రభువా” అని వేడుకున్నాడు. పేరు చెప్పలేదంతే, వీధి గుర్తులన్నీ చెప్పాడు.

ఇక జనవరి 6, అంటే ఎపిఫనీ. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రం పట్టుకుని వచ్చి బంగారం, సాంబ్రాణి, బోళం సమర్పించిన సంగతిని జ్ఞాపకం చేసుకునే పండుగ. వెలుగు ఒక్క ఇంటికీ ఒక్క జాతికీ కాదు, బయటివాళ్లక్కూడా అని చెప్పే రోజు. తెలుగు సంఘానికి ఇది చిన్న పండుగేం కాదు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు, 1912లో దోర్నకల్ బిషప్పైన అజరయ్య గారు, ఏళ్ల తరబడి కష్టపడి కట్టించిన కేథడ్రల్‌కి ఎపిఫనీ పేరే పెట్టారు, 1939లో సరిగ్గా జనవరి 6నే ప్రతిష్ఠ చేశారు. గుడి చూస్తే మన దేవాలయాల స్తంభాలూ మసీదుల గుమ్మటాలూ ఒకేచోట కలిసి కనపడతాయి, ఇది మీ ఊరి గుడే రండి అని ఇక్కడివాళ్లకి చెప్పినట్టు. అంత పండుగ నాడు మా గుళ్లో సాయంత్రం ఆరాధన పెడితే వచ్చినవాళ్లు ఎంతమందంటే, బేత్లెహేముకి వచ్చిన జ్ఞానులు ఎంతమందో మత్తయి రాయలేదు, మా హాజరు ఎంతో మా సెక్రటరీ కూడా రాయలేదు. అయ్యగారు యెషయా 60 తీసి “నీకు వెలుగు వచ్చియున్నది, లెమ్ము, తేజరిల్లుము” అని చదువుతుండగా సీరియల్ బల్బుల వాడొచ్చి లైట్లు విప్పుకుపోయాడు. అద్దె అంతవరకే అట.

అక్కణ్నుంచి అసలు ఆరాధన, అంటే లెక్కల మీటింగు. మామూలు ఆదివారం వాక్యం నలభై నిమిషాలు దాటితే వాచీలు చూసుకునే సంఘం ఇది. అదే క్రిస్మస్ జమాఖర్చులు చదివే ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర అయినా ఒక్క ప్రాణి కదలదు, పిల్లలు ఏడవరు, ఫోన్లు మోగవు. ప్రతి పద్దూ వచనం వచనం ధ్యానిస్తారు. షామియానాకి ఎంత, సౌండ్ బాక్సులకి ఎంత, ప్రేమవిందులో బిర్యానీ ఎన్ని ప్లేట్లు, అందులో పార్సిళ్లు ఎన్ని, ఆ పార్సిళ్లు ఎవరి స్కూటీ డిక్కీలో వెళ్లాయి. పశువుల పాకకి ఎండుగడ్డి అని యూత్ ఒక బిల్లు పెట్టింది, సండే స్కూలు ఇంకో బిల్లు పెట్టింది. వెనక బెంచీ నుంచి ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారు లేచి, “పాకలో ఉన్నది ఒక గొర్రె బొమ్మ, ఒక ఆవు బొమ్మ. రెండు మోపుల గడ్డి ఏది తిందండీ?” అని అడిగారు. దానికి జవాబు చెప్పడానికి ముప్పావు గంట పట్టింది. ‘ఇతరములు’ అన్న పద్దు దగ్గరికి వచ్చేసరికి ట్రెజరర్ గొంతు సన్నబడింది, కేకు కన్నా ఇతరములే ఎక్కువ. చివరికి అయ్యగారు లేచి, ప్రభువుకి అన్నీ తెలుసు అని ముగింపు ప్రార్థన చేశారు. ప్రభువుకి తెలుసు గానీ ఓచర్లు లేవు.

జనవరి 18 నుంచి 25 దాకా ప్రపంచంలో చాలాచోట్ల క్రైస్తవ ఐక్యత కోసం ప్రార్థించే వారం. మా ఊళ్లోనూ చేస్తాం, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో మధ్యలో ఉండాలో తేలిన ఏడాది. మా సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, పుట్టుకే ఒక ఐక్యత కథ, 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఎవరి పట్టుదలలు వాళ్లు సడలించుకుని ఒక్కటయ్యారు. మా గుళ్లో కుడిపక్క బెంచీలకీ ఎడమపక్క బెంచీలకీ మధ్య చర్చలు మాత్రం ఇంకా తొలి దశలోనే ఉన్నాయి.

కోత పండుగ గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కాలానికి అదే ఈస్టర్. కోతలై, నూర్పులై, ధాన్యం డబ్బులు చేతికొచ్చి, సంక్రాంతికి వచ్చిన అల్లుళ్లు వెళ్లిపోయాక పెడతాం. ఆ రోజు కాయా కసరూ అన్నీ బల్ల ముందుకి చేరతాయి, అరటి గెలలు, బూడిద గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, అరిసెల డబ్బాలు, ఒక బస్తా ధాన్యం. ఆరాధన అవగానే వేలంపాట. మా ఉపదేశి గారికి వాక్యం చెప్పేటప్పుడు రాని గొంతు ఇప్పుడొస్తుంది. సొరకాయ బజార్లో ఎంతో అందరికీ తెలుసు, అయినా ఎడమ బెంచీ పెద్దాయన అయిదొందలంటే కుడి బెంచీ పెద్దాయన వెయ్యి అంటాడు, పాడుకున్న కాయని ‘మళ్లీ దేవుడికే’ అని తిరిగిచ్చేస్తే అదే కాయ మళ్లీ పాటకొస్తుంది. ఒక్క సొరకాయ ఒక్క మధ్యాహ్నంలో నలుగురి పరువు నిలబెట్టి, ఏ కూరలోనూ పడకుండా, వాడిపోయి పాస్టరమ్మ గారి వంటింటికి చేరుతుంది.

ఒక ఏడాది కానుకల్లో ఒక పుంజు వచ్చింది. మామూలు పుంజు కాదు, నెమలి రంగు, ఎత్తు, మెడ మీద మానుతున్న గాటు, కాలికి ఇంకా విప్పని దారం. కృతజ్ఞత కానుక అని చీటీ మీద రాసుంది. దేనికి కృతజ్ఞతో, సంక్రాంతి మూడు రోజులూ అది ఎక్కడుందో, ఎవరూ అడగలేదు, పందేలు పాపమని డిసెంబర్‌లో వర్తమానం చెప్పిన పెద్దలతో సహా. పాట ఊపందుకుంది. ఉపదేశి గారు ఒకటోసారి అన్నారు, రెండోసారి అన్నారు, మూడోసారి అనబోతుండగా పుంజు మెడ నిక్కించి కూసింది. కోడి కూసేలోపు ప్రభువుని మూడుసార్లు ఎరగనన్న పేతురు సంగతి గుర్తొచ్చిన ఒకరిద్దరు తల దించుకున్నారు. మిగతావాళ్లు ఇంకో రెండొందలు పెంచారు.

పెళ్లిళ్లు చూడండి. శ్రమకాలంలో గుళ్లో పెళ్లి చేయరు, కాబట్టి భస్మ బుధవారంలోపు కానిచ్చేయాలి, దానికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. అందుకని జనవరి ఆఖరుకల్లా అయ్యగారి డైరీ రైలు టైం టేబులైపోతుంది. మేం ముహూర్తాలు చూడం. ముహూర్తాలున్న రోజుల్లో ఫంక్షన్ హాలు దొరకదు, లేని రోజుల్లో అద్దె తగ్గించి ఇస్తారు, అందుకని ముహూర్తం లేని రోజేదో కనుక్కోవడానికి పంచాంగం చూస్తాం. అది వేరు. ప్రకటన చదివాక, ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవారు తెలియజేయవచ్చని అయ్యగారు తలెత్తి చూస్తారు. ఎవరూ లేవరు. లేవరెందుకంటే ఉన్న అభ్యంతరాలన్నీ బయోడేటా దగ్గరే తేల్చుకుని వస్తాం. డినామినేషన్ పట్టింపు లేదు అని పెద్దమనసుతో రాసిన ఆ బయోడేటాలోనే, కింది వరుసలో, పట్టింపు ఉన్నదేంటో రాసుంటుంది. క్రీస్తులో యూదుడని లేదు, గ్రీసు దేశస్థుడని లేదు. మిగతావి ఫోన్లో మాట్లాడుకుందాం.

ఈ హడావుడిలో ఒక పుస్తకం మాట మర్చిపోయేవాణ్ణి. క్రిస్మస్ రాత్రి కాలవ గట్టు మీది ఇళ్ల నుంచి కొత్తగా కొన్ని కుటుంబాలు వచ్చాయి, చెప్పులు విడిచే చోట నిలబడ్డాయి. స్త్రీల మైత్రి వాళ్లు చీరలూ దుప్పట్లూ ఇచ్చారు, ఫొటో దిగారు, ఫొటోలో ఇచ్చేవాళ్లే ఎక్కువ. యూత్‌లో ఒక కుర్రాడు మాత్రం బుద్ధిగా ఒక నోట్‌బుక్ తీసుకుని వాళ్ల పేర్లు, ఇల్లెక్కడ, పిల్లలు ఎంతమంది అన్నీ రాసుకున్నాడు, సందర్శనకి వెళ్దామని. కోత పండుగ నాడు వేలం పద్దులు రాయడానికి పుస్తకం కనపడకపోతే అదే నోట్‌బుక్ తిరగేసి వెనక నుంచి రాశారు. సంఘం డబ్బుతో కొన్న కాగితం వృథా కాకూడదు కదా. ఇప్పుడు దాన్ని ముందు నుంచి తెరిస్తే కాలవ గట్టు, వెనక నుంచి తెరిస్తే సొరకాయ. ట్రెజరర్ గారు వెనక నుంచే తెరుస్తారు. సండే స్కూల్లో ఒక పిల్ల, తనతో పాటు దేవదూత వేషం వేస్తానని అడిగిన ఆ గట్టు అమ్మాయి మళ్లీ రాలేదేంటని అడిగితే, “ఈస్టర్‌కి వస్తార్లేమ్మా” అని ఒక ఆంటీ సముదాయించింది. మరి మధ్యలో రమ్మని పిలవడానికి ఏ కమిటీకీ తీర్మానం లేదు.

ఈలోగా శ్రమకాలం ముంచుకొచ్చేస్తుంది. భస్మ బుధవారానికి ముందు ఆదివారం ప్రకటనల్లో అయ్యగారు నలభై రోజుల ఉపవాస ప్రార్థనల పట్టిక చదివారో లేదో, సోమ మంగళవారాల్లో మా వీధి చికెన్ కొట్టు ముందు సంఘం సంఘమంతా హాజరు. కోరం ఎప్పుడైనా నిండిందంటే అక్కడే. నలభై రోజులు మాంసం ముట్టమని ఒట్టు పెట్టుకున్నవాళ్లకి మంగళవారం రాత్రి నుంచే సందేహాలు మొదలవుతాయి. గుడ్డు మాంసమా? ఆదివారాలు నలభైలోకి రావు కాబట్టి ఆదివారం బిర్యానీ తినొచ్చా? చేప సరే, యేసు ప్రభువే అయిదు రొట్టెలూ రెండు చేపలూ పంచిపెట్టాడు, మరి రొయ్య? ఇది మిగతా ఊళ్లలో చిన్న ప్రశ్నే కావచ్చు, చుట్టూ చెరువులున్న మా ఊళ్లో సంఘస్థుల్లో సగం మందికి అదే జీవనాధారం. రొయ్యకి రక్తం కనపడదు గనక మాంసం కాదని ఎడమపక్క బెంచీలు, లేవీయకాండం ప్రకారం అసలు తినకూడనిదే రొయ్య అని కుడిపక్క బెంచీలు (వాళ్లవి కూడా రొయ్యల చెరువులే). వాదన పెరిగి, విషయం పాస్టరేట్ కమిటీ ఎజెండాలో మూడో అంశంగా చేరింది. మొదటి రెండూ ఎండుగడ్డి బిల్లులు. ఎన్నికలో ఓడినాయన మనుషులు మీటింగుకి రాలేదు, గెలిచినాయన మనుషులు పెళ్లిలో ఉన్నారు, కోరం లేక ఈస్టర్ తర్వాతకి వాయిదా వేశారు.