ఒరిజినల్ అని చెప్పి ఏమిస్తున్నారయ్యా!

"ఒరిజినలే అన్నా" అంటూ సామాన్ల షాపువాళ్లు మా పాత యమహా బైకుకి పిస్టన్ కిట్ తీసి కౌంటర్ మీద పెడతారు. డబ్బా నిగనిగలాడుతుంటుంది. తీసి రింగు అంచు తడిమితే గరుకు! ఎక్కడి ఒరిజినల్? మన దేశంలో యమహా ఆర్ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది కదా?

నెల్లూరు ట్రంకు రోడ్డు, కావలి, ఒంగోలు అన్నీ తిరిగాను. "ఇంకా ఆ బండేనా? అమ్మేయ్ అన్నా" అంటాడొకడు. నిన్ను సలహా అడిగానా? పిస్టన్ తిప్పే ఇరుసుకి, అదే క్రాంక్‌కి, వేసే ఆయిల్ సీల్ అడిగాను. టూ స్ట్రోక్ ఇంజన్‌కి ఆ చిన్న రబ్బరు రింగే ప్రాణం. అది లీకైతే బయటి గాలి లోపలికి పోతుంది, గాలిలో పెట్రోలు వంతు తగ్గి ఇంజన్ కాగిపోతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. ఏళ్ల తరబడి అలమరలో ఎండి బిగుసుకుపోయిన సీలు ఇచ్చి కొత్తదంటే ఎలా?

సిలిండర్ అరిగితే వేసే పెద్ద సైజు పిస్టన్, పావు మిల్లీమీటరు ఓవర్‌సైజుది అడిగితే అర మిల్లీమీటరుది చేతిలో పెట్టారు. "మళ్లీ బోర్ కొట్టించి సిలిండర్ వెడల్పు చేయించు, ఏముంది?" అట! గీకేసిన లోహం మళ్లీ వస్తుందా?

పాత బండ్ల సామాన్లు దొరికే చెన్నై పుదుపేటకి రెండుసార్లు రైలెక్కాను. ఆన్‌లైన్‌లో ఒకాయన అడ్వాన్స్ తీసుకుని ఫోనే ఎత్తడు.

అన్నిటికన్నా కడుపు మండింది మెకానిక్ దగ్గర. నిప్పురవ్వకి కరెంటిచ్చే మాగ్నెటో చక్రాన్ని లాగి ఊడదీసే పుల్లర్ లేదని, దాన్ని సుత్తితో కొట్టాడు. క్రాంక్ చివర నట్టు బిగించే మరచుట్లు మొత్తం నలిగిపోయాయి. అది మా నాన్న 1989లో కొన్న బండయ్యా! షాపు పెట్టుకున్నవాడివి, ఒక్క పుల్లర్ కొనుక్కోలేవా?