మేయో ఓటముల్లో మునుపటి నాణ్యత లేదు

ఐర్లాండ్ పడమటి చివర, అట్లాంటిక్ గాలికి ఎదురొడ్డి ఉండే మేయో కౌంటీలో, అక్కడి గేలిక్ ఫుట్‌బాల్ జట్టు ఓటముల నాణ్యత నాలుగేళ్ళుగా పడిపోతోంది. ప్రభుత్వానికి చీమ కుట్టినట్టయినా లేదు. పత్రికలు 'మేయో ఓడిపోయింది' అని రాసి చేతులు దులుపుకుంటున్నాయి. మేయో ఓడిపోవడం వార్త ఎలా అవుతుంది? అది 1951 నుంచి ఉన్నదే. ఎలా ఓడిపోయిందన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న అడిగే నాథుడు లేడు కాబట్టి ఆ భారం నేను నెత్తికెత్తుకుంటున్నాను.

ఈ విషయంలో నా అర్హత ఏమిటంటారా? డబ్లిన్‌లో ఉద్యోగం, పక్క సీట్లో మేయో మనిషి. సోమవారం పొద్దున ఆయన కాఫీ కప్పు బల్ల మీద పెట్టే చప్పుడును బట్టి ఆదివారం స్కోరు చెప్పగలను.

గేలిక్ ఫుట్‌బాల్ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. జట్టుకు పదిహేను మంది. బంతిని చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు, నాలుగు అడుగులు మోసుకుపోవచ్చు. ఆ తర్వాత నేలకు కొట్టాలి, లేదా కాలి మీద తట్టి మళ్ళీ చేతిలోకి తీసుకోవాలి. గోల్ కర్రలు ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా నిలబడి ఉంటాయి. అడ్డకర్ర కిందనుంచి వలలోకి పంపితే గోల్, అంటే మూడు పాయింట్లు. పైనుంచి పంపితే ఒకటి. 2025 నుంచి నలభై మీటర్ల గీత బయటినుంచి పంపితే రెండు. ఆటగాళ్ళకు జీతాల్లేవు. పగలంతా బడిలో పాఠాలు చెప్పినవాడు, పొలంలో గొర్రెలు తోలినవాడు సాయంత్రం వానలో ప్రాక్టీసుకొస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరి కౌంటీకి వాళ్ళు ఆడాల్సిందే. వేలంపాట పెట్టి పక్క ఊరి మొనగాణ్ణి కొనుక్కొచ్చే ఏర్పాటు లేదు. దేవుడిచ్చిన పిల్లలతోనే సంసారం. మేయో జనాభా లక్షా ముప్పై ఎనిమిది వేలు, డబ్లిన్ జనాభా పద్నాలుగున్నర లక్షలు. దేవుడు డబ్లిన్‌కి కాస్త ఎక్కువ వడ్డించాడు.

ఇక ఓటముల సంగతి. మేయో ఆల్ ఐర్లాండ్ కప్పు గెలిచింది మూడుసార్లు, 1936, 1950, 1951. ఆ కప్పు పేరు శామ్ మగ్వైర్. జనం ముద్దుగా శామ్ అంటారు. 'ఈ ఏడైనా శామ్ ఇంటికొస్తాడా' అని అడుగుతారు, దుబాయ్ వెళ్ళి ఉత్తరం రాయని కొడుకు గురించి అడిగినట్టు. కెర్రీ కౌంటీ ఇంటికి 2025 దాకా ముప్పై రెండుసార్లు వెళ్ళాడు శామ్. మేయో గుమ్మం 1951 తర్వాత తొక్కలేదు. అలాగని వీళ్ళు పిలవలేదా? 1989 నుంచి 2021 దాకా పదకొండు ఫైనల్స్‌కి వెళ్ళి పిలిచారు. పదకొండూ ఓడిపోయారు.

ఆ పదకొండింటిలో ఉన్న పనితనం చూడండి. 1996లో మీథ్ మీద కప్పు దాదాపు చేతికొచ్చింది. చివర్లో మీథ్ ఆటగాడు దూరం నుంచి తన్నిన బంతి నేలమీద పడి, ఎగిరి, అడ్డకర్ర పైనుంచి వెళ్ళింది. డ్రా. రీప్లేలో, అంటే మళ్ళీ ఆడిన మ్యాచ్‌లో, మొదట్లోనే కొట్టుకున్నారు, చెరొకర్ని బయటికి పంపారు, చివరికి ఒక్క పాయింటుతో ఓడారు. 2013లో డబ్లిన్ చేతిలో ఒక్క పాయింటు. 2016లో మళ్ళీ డబ్లిన్, మళ్ళీ డ్రా, రీప్లేలో మళ్ళీ ఒక్క పాయింటు. 2017లోనూ అంతే. అప్పుడు ఆఖరి క్షణాల్లో డబ్లిన్ ఆటగాడు ఫ్రీకిక్ కొట్టబోతుంటే మేయో హీరో లీ కీగన్ ఒంటికి కట్టుకున్న జీపీఎస్ పరికరం పీకి అతని మీదికి విసిరాడు. పరికరం గురి తప్పింది. బంతి తప్పలేదు.

2016 మొదటి మ్యాచ్ అయితే లెక్కల మాస్టారు బోర్డు మీద వేసి చెప్పాల్సినది. మేయో పదిహేను పాయింట్లు కొట్టింది. డబ్లిన్‌కి రెండు గోల్స్, తొమ్మిది పాయింట్లు, అంటే అవీ పదిహేనే. ఆ రెండు గోల్సూ మేయోవాళ్ళే తమ వలలో వేసుకున్నారు. అంటే ఆ రోజు డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో మేయోవాళ్ళు మొత్తం ఇరవై ఒకటి స్కోరు చేశారు, డబ్లిన్‌వాళ్ళు తొమ్మిది. అయినా మ్యాచ్ సమానం! అతిథి మర్యాద ఇంతకు మించి ఎవరు చేయగలరు?

2020 ఫైనల్ కరోనా వల్ల డిసెంబరులో, ఖాళీ స్టేడియంలో జరిగింది. పన్నెండు పదమూడు సెకన్లకే డబ్లిన్ గోల్ కొట్టేసింది. మా ఆఫీసు మనిషి టీవీ ముందు కూర్చుంటూ దిండు సర్దుకుంటున్నాడట, సర్దుకోవడం అయ్యేసరికి అయిపోయింది. డబ్లిన్ రెండు గోల్స్ పద్నాలుగు పాయింట్లు, మేయో పదిహేను పాయింట్లు. మరుసటి ఏడు టైరోన్‌తో ఫైనల్. మేయో కొట్టిన పెనాల్టీ కర్రకు తగిలింది. స్కోరు? టైరోన్ రెండు గోల్స్ పద్నాలుగు పాయింట్లు, మేయో పదిహేను పాయింట్లు. అంకె కూడా మారలేదు. వరుసగా రెండేళ్ళు ఒకే కొలతకు ఓడిపోవడమంటే మాటలా? ఆ నైపుణ్యం ఒక్క రోజులో వచ్చింది కాదు.

ఇప్పుడు ఆ తర్వాతి నాలుగేళ్ళు చూడండి, గుండె తరుక్కుపోతుంది. 2022లో క్వార్టర్ ఫైనల్లోనే ఇంటికి. 2023లోనూ క్వార్టర్ ఫైనలే, డబ్లిన్ చేతిలో పన్నెండు పాయింట్ల తేడాతో. పన్నెండు! నాలుగు ఫైనల్స్‌ని ఒక్కో పాయింటు తేడాతో చేజార్చుకున్న జట్టుకు ఇదెంత అప్రతిష్ఠ? 2024లో క్వార్టర్ ఫైనల్ గుమ్మం కూడా ఎక్కలేదు, సొంత ఊరు కాజిల్‌బార్‌లో డెర్రీ చేతిలో పెనాల్టీల మీద పోయారు. 2025లో గ్రూపు దశే దాటలేదు. 1952 తర్వాత కప్పు మొహం ఎరగని కవాన్ కూడా కాజిల్‌బార్‌కే వచ్చి ఓడించి వెళ్ళింది. ఆఖరి మ్యాచ్‌లో డొనెగల్ మీద చివరి నిమిషంలో స్కోరు సమం చేశారు, డ్రా అయితే చాలు ముందుకు వెళ్ళేవాళ్ళు. అప్పుడు డొనెగల్ ఇంకొక్క పాయింటు కొట్టేసింది. ఆ ఒక్క మ్యాచ్‌లో పాత పనితనం కాస్త కనిపించిందని ఒప్పుకోవాలి. కానీ ఎక్కడ? ఎనభై రెండు వేలమంది పట్టే క్రోక్ పార్క్‌లో చేయాల్సిన పని రాస్‌కామన్‌లో చేశారు. కచేరీ పాట వంటింట్లో పాడినట్టు.

ఈ పతనానికి కారణం వెతికాను. చాలామంది కోచ్ అంటారు, కొందరు వయసు అంటారు. నాకు మాత్రం అసలు దోషి దొరికింది. శాపం అయిపోయింది.

ఆ కథ ఐర్లాండ్‌లో అందరికీ తెలుసు. 1951లో కప్పు గెలిచి లారీ ఎక్కి ఊరేగుతూ వస్తున్న జట్టు, ఫాక్స్‌ఫర్డ్ ఊళ్ళో ఎవరిదో అంత్యక్రియలు జరుగుతుంటే ఆగి దణ్ణం పెట్టకుండా వెళ్ళిందట. కోపమొచ్చిన పాస్టరు, ఈ జట్టులో ఆఖరి మనిషి బతికున్నంత కాలం మేయో మళ్ళీ గెలవదని శపించాడట. ఇది నిజంగా జరిగిందనడానికి ఆధారం లేదు. అయితే ఏం, ఆడలేనమ్మకు మద్దెల ఎంత అవసరమో వీళ్ళకు ఆ పాస్టరు అంత అవసరం. డెబ్భై ఏళ్ళు ఎంత గొప్పగా పనిచేశాడు! పెనాల్టీ కర్రకు తగిలితే పాస్టరు. సొంత వలలో గోల్ పడితే పాస్టరు. ఒక్క ఆటగాడి మీద నింద పడలేదు.

2021 సెప్టెంబరు 11న టైరోన్ చేతిలో ఓడారు. అదే నెల 26న, 1951 జట్టులో ఆఖరిగా మిగిలిన ప్యాడీ ప్రెండర్‌గాస్ట్ కన్నుమూశారు. పెద్దమనిషి, మంచి ఆటగాడు, ఆయనకు నా నమస్కారం. శాపం తీరడానికీ ఫైనల్‌కీ మధ్య తేడా పదిహేను రోజులు. ఇందులో కూడా మేయో కాస్తలో తప్పిపోయింది.

లెక్క మీరే వేసుకోండి. శాపం ఉన్న రోజుల్లో ఫైనల్. శాపం తీరాక క్వార్టర్ ఫైనల్, దానికింద మెట్టు, దానికింద గ్రూపు. జట్టును ఇన్నాళ్ళూ పైకెత్తి పట్టుకున్నది ఆ శాపమే. కాబట్టి కౌంటీ బోర్డుకు నా వినతి ఇదీ: కోచ్‌లని మార్చడం ఆపండి, ముందు కొత్త శాపం సంపాదించండి. ఓ లారీ అద్దెకు తీసుకుని జట్టునంతా ఎక్కించి ఫాక్స్‌ఫర్డ్ మీదుగా నాలుగు చుట్లు తిప్పండి. ఎవరో ఒకరికి కోపం రాకపోదు. ఈసారి శాపం రాతపూర్వకంగా, గడువు తేదీ లేకుండా తీసుకోండి. కొత్త మేనేజరుగా వచ్చిన ఆండీ మోరన్‌కి ఈ విలువ తెలుసనుకుంటాను. ఒక్క పాయింటుతో ఓడిన 2017లో దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడు ఆయనే. అంతకు ముందు ఏడు, అదీ ఒక్క పాయింటుతో ఓడిన ఏడే, ఆ బహుమతి కీగన్‌ది. కప్పు తప్ప అన్నీ ఇంటికి తెచ్చుకున్న తరం.

అభిమానుల నమ్మకం సంగతి మరీ ఘోరం. ఒకప్పుడు మేయో అనగానే పక్కవాడు 'దేవుడే దిక్కు' అనడం ఐర్లాండ్‌లో రివాజు. ఇప్పుడు ఆ మాట మేయోవాళ్ళే ముందుగా అనేస్తున్నారు. నమ్మకానికి పుట్టిల్లు లాంటి జిల్లా ఇది. 1879లో నాక్ అనే పల్లెలో గుడి గోడ మీద మేరీమాత కనిపించిందన్నారు, ఇప్పటికీ జనం బారులు తీరుతున్నారు. ఆ తర్వాత జేమ్స్ హోరన్ అనే పాస్టరు బురదకొండ మీద విమానాశ్రయం కట్టిస్తానంటే దేశమంతా నవ్వింది. విమానాలు ఇవాళ్టికీ దిగుతున్నాయి. అక్కడ పనిచేసిన నమ్మకం కాజిల్‌బార్ మైదానం దాకా రాకపోవడం విచారణ జరిపించాల్సిన విషయం.

కొందరు ఇకనుంచి మ్యాచ్‌లు బాయ్‌కాట్ చేస్తామంటున్నారు. ఇక్కడో చిన్న ఇబ్బంది ఉంది. ఆ మాట ప్రపంచానికి ఇచ్చింది మేయోనే. 1880లో లాక్ మాస్క్ ఒడ్డున కౌలుదార్లను పీడించిన కెప్టెన్ బాయ్‌కాట్‌కి ఊరంతా కూడబలుక్కుని పని చేయడం, మాట్లాడడం మానేసింది. అతని పేరే మాటగా మిగిలింది, మన ఉద్యమాల దాకా వచ్చింది. ఆ ఊరివాళ్ళ మనవలు, మునిమనవలు ఒక్క ఫుట్‌బాల్ జట్టుతో మాట్లాడకుండా ఉండలేకపోతున్నారు. మా ఆఫీసు మనిషి 2025 జూన్‌లో బాయ్‌కాట్ ప్రకటించారు. టోపీ కారు డిక్కీలో పడేశారు. పారేయలేదా అంటే, మంచి ఉన్ని అన్నారు.

ఆ జులై ఆఖరి ఆదివారం ఆయన క్రోగ్ పాట్రిక్ కొండెక్కారు. ఏటా ఆ రోజున వేలమంది ఎక్కుతారు, కొందరు చెప్పులు కూడా లేకుండా రాళ్ళ మీద నడుస్తారు. 2023 నుంచి మూడేళ్ళుగా ఆల్ ఐర్లాండ్ ఫైనల్ కూడా సరిగ్గా అదే ఆదివారం పడుతోంది. మేయో జట్టు దయవల్ల మేయో భక్తులకు మూడేళ్ళూ ఎలాంటి ధర్మసంకటమూ కలగలేదు.

కొండ మీద ఏం కోరుకున్నారని సోమవారం అడిగాను.

"అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గాలని."

"ఇంకేం కోరలేదా?"

"ఇంకేం లేదు. ఆ పిచ్చి వదిలిపోయింది నాకు."

మొన్న ఆఫీసు సెలవుల క్యాలెండర్ చూస్తుంటే, వచ్చే జులై ఆఖరి సోమవారానికి ఆయన ఇప్పటినుంచే సెలవు పెట్టి ఉన్నారు. కొండెక్కేది ఆదివారమే కదా, సోమవారం ఎందుకని అడిగాను.

"కాళ్ళు లాగుతాయి," అన్నారు, స్క్రీన్ మీంచి తల ఎత్తకుండా.