ట్యూబుదే తప్పు

జీడిమెట్లలో మేం పనిచేసే హీట్ ట్రీట్‌మెంట్ షాపులో, అంటే ఉక్కు సామాన్లను కొలిమిలో కాల్చి గట్టిపరిచే చోట, ఫర్నేస్ ట్యూబు పగిలింది. వెంటనే కమిటీ వేశారు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు అయ్యేలోపే దోషి తేలిపోయాడు: ట్యూబు. చచ్చినవాడు అప్పీలుకు వెళ్లడు కదా.

మే నెలలో 42 డిగ్రీలకే మనం ఏసీ 18లో పెట్టుకుని చస్తున్నాం బాబోయ్ అంటాం. ఆ ట్యూబు మాత్రం లోపల బర్నర్ మంట, బయట కార్బన్ గ్యాసు, 930 డిగ్రీల్లో కిక్కురుమనకుండా పడుండాలి. పేరులోనే హీట్ రెసిస్టెంట్ అని ఉంది మరి!

అంత వేడిలో ఏ ఉక్కైనా తన బరువుకు తానే మెల్లగా సాగి కుంగుతుంది. దాన్ని క్రీప్ అంటారు. వేడి 20 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఈ పనిలో తలపండినవాళ్ల లెక్క. మా మేనేజర్‌గారి లెక్క వేరు. "డిస్పాచ్ అర్జెంటయ్యా, ఈ ఒక్క లోడుకీ ఓ ఇరవై పెంచండి" అన్నారు. ఆ ఒక్క లోడు వినాయక చవితికి మొదలై సంక్రాంతి దాటింది.

రెండు మీటర్ల ట్యూబు ఆ వేడికి మూడు సెంటీమీటర్లు పొడుగవుతుంది. అందుకే ఒక కొసను వదులుగా ఉంచుతారు. అది గడగడమంటోందని మా ఫిట్టరన్న మంచి మనసుతో రెండు కొసలకీ వెల్డింగ్ కొట్టేశాడు. సాగే చోటులేక ట్యూబు నడుం వంచింది. రిపోర్టులో 'ట్యూబు వంకర' అని మాత్రమే రాశారు.

శనివారం ఫర్నేస్ ఆర్పేస్తాం. సెలవు మనుషులకు మంచిదే. ట్యూబుకు మాత్రం చల్లారినప్పుడల్లా ఒంటిని కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొర పెచ్చులూడుతుంది.

ఇక పిండి కొద్దీ రొట్టె. అడిగింది 310 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు, అంటే 25 శాతం క్రోమియం, 20 శాతం నికెల్. పర్చేజ్‌వాళ్లు తెచ్చింది 304, అంటే 18, 8. రేటు తక్కువ. అయస్కాంతం పెట్టి చూశారు, అంటుకోలేదు, "ఒరిజినల్ మాలే" అన్నారు. ఆ రెండింటిలో ఏదీ అంటుకోదని చెప్పబోతే నన్ను చాయ్ తెమ్మన్నారు.

తమాషా ఏమిటంటే, పగిలిన ముక్కకు అయస్కాంతం టక్కున అంటుకుంది. ఏళ్ల తరబడి లోపలికి దూరిన కార్బన్ క్రోమియాన్ని లాగేసుకుంటే మిగిలిన లోహం అలాగే తయారవుతుంది. కమిటీకి మాత్రం సాక్ష్యం దొరికింది. "చూశారా, సప్లయర్ డూప్లికేట్ అంటగట్టాడు!"

కొత్త ట్యూబు వచ్చింది. మళ్లీ 304. ఈసారి పరీక్ష గట్టిగా ఉండాలని అయస్కాంతం పెద్దది కొన్నారు.