కప్పులో ఉన్నంతవరకు మంచిదే

విజయవాడ, గుంటూరు నగరాల్లో మందుల దుకాణాల గల్లాపెట్టెల పక్కన గ్రీన్ టీ క్యాప్సూళ్ల డబ్బాలు బారులు తీరుతున్నాయి. ముందువైపు పచ్చని ఆకు బొమ్మ, పెద్ద అక్షరాల్లో రోగనిరోధక శక్తి గురించి గొప్పలు. వెనక్కి తిప్పితే, కళ్లద్దాలు లేనిదే కనిపించని అక్షరాల్లో ఇది ఔషధంగా వాడటానికి కాదన్న హెచ్చరిక. డబ్బా మీద వేయడానికి కంపెనీ జంకిన మాటను వాట్సాప్ సందేశాలు పూర్తి చేస్తున్నాయి: రోజూ వాడితే క్యాన్సర్ దరిచేరదట, వచ్చిన గడ్డ కూడా కరిగిపోతుందట. ఈ ప్రచారంతో డబ్బు మాత్రమే పోయేదైతే ఇంతగా చెప్పవలసిన పని లేదు. చికిత్సలో ఉన్న రోగుల ప్రాణం మీదకు వస్తోంది కాబట్టే చెబుతున్నాం.

ఈ కథకు మూలం పూర్తిగా కల్పన కాదు. తేయాకులో కాటెచిన్లనే పదార్థాలుంటాయి. వాటిలో ప్రధానమైనది ఈజీసీజీ. కోసిన ఆకును వెంటనే ఆవిరి పట్టడం లేదా వేయించడం వల్ల గ్రీన్ టీలో అవి నిలిచి ఉంటాయి. మనం పాలు కలిపి కాచుకునే టీపొడి తయారీలో చాలావరకు రూపు మారిపోతాయి. ప్రయోగశాలలో ఈజీసీజీ తగిలిన క్యాన్సర్ కణాల విభజన మందగించడం, కొన్ని వాటంతట అవే చనిపోవడం శాస్త్రవేత్తలు చూశారు. కణితికి రక్తం అందించే కొత్త నాళాలు ఏర్పడటమూ తగ్గింది. అయితే ఆ గాజు పాత్రల్లో వాడిన మోతాదు, టీ తాగిన మనిషి రక్తంలోకి చేరే మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కువ. పేగుల నుంచి రక్తంలోకి వెళ్లేదే స్వల్పం. వెళ్లినదాన్ని కూడా శరీరం త్వరగానే మార్చి బయటకు పంపేస్తుంది.

మనుషుల మీద జరిగిన పరిశీలనలు ఇంకా జాగ్రత్తగా మాట్లాడమంటున్నాయి. జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 40,530 మందిని ఏళ్ల తరబడి గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. గ్రీన్ టీ ఎక్కువగా తాగేవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు తగ్గాయి కానీ, క్యాన్సర్ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే ఏడాది ఇటలీలో 60 మంది పురుషులపై జరిగిన చిన్న ప్రయోగం ప్రోస్టేట్ క్యాన్సర్ విషయంలో ఎంతో ఆశ రేపింది. 2015లో అమెరికాలో వెలువడిన ప్రయోగం ఆ ఆశను నిలబెట్టలేకపోయింది. 11 లక్షలకు పైగా మందితో కూడిన 142 అధ్యయనాలను 2020లో, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష జల్లెడ పట్టింది. గ్రీన్ టీ క్యాన్సర్‌ను నివారిస్తుందనడానికి నిలకడైన ఆధారం దొరకలేదని తేల్చింది. పరిశోధన ఆపమని మేం అనడం లేదు. గ్రీన్ టీ సారంతో చేసిన లేపనాన్ని జననాంగాల పులిపిర్లకు మందుగా 2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. పరీక్షకు నిలిచింది కాబట్టి మందయింది.

రోజుకు రెండు మూడు కప్పులు తాగేవారికి భయం లేదు, మరీ పొగలు కక్కుతుండగా తాగకపోతే చాలు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలను అన్నవాహిక క్యాన్సర్‌కు కారకం కాగల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లోనే చేర్చింది. అసలు ప్రమాదం క్యాప్సూళ్లది. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీని సప్లిమెంట్లుగా తీసుకుంటే కాలేయం దెబ్బతింటున్న సూచనలున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కీమోథెరపీతో ఇప్పటికే అలసిన కాలేయానికి ఇది అదనపు బరువు. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు వాడే బొర్టెజొమిబ్ మందును ఈజీసీజీ పట్టి బంధించి, పనిచేయకుండా చేస్తుందని 2009లో ఎలుకలపై జరిగిన ప్రయోగాల్లో బయటపడింది. వేలకు వేలు పోసి ఎక్కించుకున్న మందును వంద రూపాయల మాత్ర నీరుగార్చవచ్చన్న మాట!

రిపోర్టుల సంచి చంకన పెట్టుకుని క్యాన్సర్ వార్డు ముందు కూర్చునే కుటుంబాలను మేం తప్పుపట్టడం లేదు. కన్నవారి కోసం, కట్టుకున్నవారి కోసం ఎవరు ఏది చెప్పినా చేయాలనిపిస్తుంది. ఆ ఆరాటం మీద వ్యాపారం చేసేవారినే నిలదీయాలి. క్యాన్సర్‌ను నయం చేస్తామని, నివారిస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం, తొలిసారికే ఆరు నెలల వరకు జైలు. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనలకు ఆహార భద్రతా చట్టం కింద పది లక్షల రూపాయల వరకు జరిమానా. ఈ రెండూ కాగితాల మీద పడి ఉంటే లాభం లేదు. ఔషధ నియంత్రణ, ఆహార భద్రతా అధికారులు దుకాణాల్లో డబ్బాలు తిప్పి చూడాలి.

పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఉన్న గుంటూరులో క్యాన్సర్ నివారణ గురించి మాట్లాడుతూ పొగాకును వదిలేయలేం. గుట్కా, ఖైనీ, చుట్ట మానడం వల్ల దక్కే మేలుకు సందేహాలు లేవు. ముప్పై ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. క్యాప్సూళ్ల గురించి అడిగేవారికి ఆశా కార్యకర్తలు ముందుగా ఈ మాట చెప్పాలి. క్యాన్సర్ ఓపీల్లో రోగి చీటీ మీద తెలుగులో ఒక ప్రశ్న అచ్చు వేయించాలని కోరుతున్నాం: మేం రాసినవి కాక ఇంకేం ఆకులు, పొడులు, మాత్రలు వాడుతున్నారు? వైద్యులు విసుక్కోకుండా అడిగితే, రోగులు దాచకుండా చెబుతారు.