థ్రాటిల్ లాక్ అంటే క్రూజ్ కంట్రోలేనట!

బైకు మీద దూరప్రయాణాలు చేసేవాళ్ల మధ్య ఒక సందేశం కొంతకాలంగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: కుడి గ్రిప్పుకు ఒక థ్రాటిల్ లాక్ (యాక్సిలరేటర్‌ను, అంటే థ్రాటిల్‌ను, తిప్పిన చోటే పట్టి ఉంచే చిన్న ముక్క) బిగించుకుంటే ఖరీదైన బైకుల్లో ఉండే క్రూజ్ కంట్రోల్ మీ బైకుకూ వచ్చేస్తుంది, వేగం దానంతట అదే నిలకడగా ఉంటుంది, ఆపాలంటే బ్రేకు నొక్కితే చాలు, లాక్ ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది, కొనడం ఇష్టం లేకపోతే రబ్బరు రింగుతో ఇంట్లోనే చేసుకోవచ్చు, రెండు చేతులూ వదిలి హాయిగా కూర్చోవచ్చు, పెట్రోలు ఆదా అవుతుంది, కొత్తగా నేర్చుకున్నవాళ్లకు మరీ మంచిది. ఒకే వారంలో ముగ్గురు నాకు దీన్ని పంపారు. ముగ్గురూ బైకు కొని ఏడాది నిండనివాళ్లే. అందుకే ఒక్కొక్క మాటనూ పట్టుకుని జవాబు రాస్తున్నాను.

ముందే ఒక సంగతి చెప్పాలి. నేను థ్రాటిల్ లాక్‌కు వ్యతిరేకిని కాను. కొన్నేళ్లుగా నా బైకుకు ఒకటి ఉంది. గంటల తరబడి గ్రిప్పును తిప్పి పట్టుకుంటే మణికట్టు పట్టేస్తుంది, ఇంజన్ అదురుకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. తిమ్మిరెక్కిన వేళ్లతో బ్రేకు లీవరు పట్టుకోవడం కూడా ప్రమాదమే. తిన్నని, ఖాళీ రోడ్డు మీద అర నిమిషం లాక్ వేసి, కుడిచేతిని నాలుగుసార్లు విదిలించి, మళ్లీ గ్రిప్పు మీద పెట్టుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది. దాని పని అంతవరకే. సందేశం తప్పుదోవ పట్టేది ఆ "అంతవరకే" దాటిన చోట.

"ఇది క్రూజ్ కంట్రోలే."

అసలైన క్రూజ్ కంట్రోల్ బైకు వేగాన్ని ఎప్పటికప్పుడు కనిపెట్టుకుని ఉంటుంది. మిట్ట వస్తే థ్రాటిల్‌ను కొంచెం తెరుస్తుంది, దిగుడు వస్తే మూస్తుంది. ముందు బ్రేకు, వెనక బ్రేకు, క్లచ్, వీటిలో దేన్ని పట్టుకున్నా తనంతట తాను తప్పుకుంటుంది. 2020లో డుకాటీ మల్టీస్ట్రాడా వీ4తో రాడార్ సాయంతో ముందు వాహనానికి ఎడం పాటించే రకం కూడా బైకుల్లోకి వచ్చింది. థ్రాటిల్ లాక్‌కు వీటిలో ఒక్క విద్యా రాదు. గ్రిప్పు వెనక్కి తిరగకుండా రాపిడితో పట్టి ఉంచే చిన్న ముక్క అది. వేగం ఎంతో దానికి తెలియదు. మీరు బ్రేకు నొక్కిన సంగతీ తెలియదు.

చెయ్యి తీయగానే థ్రాటిల్ మూసుకుపోవడం మామూలు విషయంగా కనిపిస్తుంది గానీ, దాని వెనక చాలా ఆలోచన ఉంది. ఇంజన్ దగ్గర ఒక స్ప్రింగు దాన్ని ఎప్పుడూ మూసేవైపే లాగుతుంటుంది. చాలా బైకుల్లో తెరవడానికి ఒక యాక్సిలరేటర్ వైరు, మూయడానికి ఇంకో వైరు ఉంటాయి. స్ప్రింగు మొరాయించినా చేత్తో మూయగలగాలని. చెయ్యి వదిలితే థ్రాటిల్ తనంతట తాను మూసుకోవాలని అమెరికా సమాఖ్య భద్రతా ప్రమాణం 123లో నిబంధనే ఉంది. లాక్ వేసిన క్షణం ఆ ఏర్పాటునంతా మీరే పక్కన పెడుతున్నారు. అర నిమిషం పాటు పక్కన పెట్టవచ్చు. కాని ఏం పక్కన పెడుతున్నామో తెలిసి ఉండాలి.

"వేగం దానంతట అదే నిలకడగా ఉంటుంది."

లాక్ పట్టి ఉంచేది థ్రాటిల్ తెరిచిన మేరను. వేగం దాని చేతిలో లేదు. ఒక చిన్న లెక్క చూడండి. బైకూ మనిషీ కలిపి 250 కిలోలు అనుకుందాం. గంటకు 90 కి.మీ. వేగంతో నిటారుగా కూర్చుని వెళ్తుంటే గాలి సుమారు 200 న్యూటన్ల బలంతో ఎదురు నెడుతుంది; టైర్ల నిరోధం దానికి ఇంకో నలభై, యాభై కలుపుతుంది. ఇప్పుడు నూటికి ఐదు వంతుల వాలు వచ్చిందంటే, ఆ 250 కిలోల బరువు వల్ల దిగువకు లాగే బలం 120 న్యూటన్లకు పైనే. అంటే ఇంజన్ మోస్తున్న మొత్తం భారంలో సగం! కంటికి ఆనీ ఆనని దిగుడులో కూడా 90 మీద పెట్టిన బైకు 100 వైపు పాకేది ఇందుకే. మిట్ట మీద అదే బైకు మందగిస్తుంది, వెనకవాడు హారన్ కొడతాడు. ఎదురుగాలి ఆగితే మళ్లీ దిగుడులో లాగే వేగం పెరుగుతుంది, లారీ చాటుకు వెళ్లినా అంతే. ముందున్న లారీ గాలిని అడ్డుకుంటే మీ బైకు తనంతట తాను దాని వెనక భాగం వైపు వేగం పుంజుకుంటుంది.

"ఆపాలంటే బ్రేకు నొక్కితే చాలు."

ఇది సగం నిజం. అందుకే మిగతా అబద్ధాల కంటే ఎక్కువ ప్రమాదకరం.

ముందు నిజమైన సగం. బ్రేకులకూ ఇంజన్‌కూ పోటీ పెడితే బ్రేకులే గెలుస్తాయి. పై లెక్కలోని బైకునే తీసుకుంటే, ఇంజన్ 250 న్యూటన్ల బలంతో తోస్తోంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఎదురు బలం 1,700 న్యూటన్ల దాకా వస్తుంది. కాబట్టి "లాక్ వేస్తే బైకు ఆగనే ఆగదు" అని భయపెట్టేవాళ్ల మాట కూడా నేను ఒప్పుకోను. బైకు ఆగుతుంది. కాకపోతే ఎక్కువ దూరం తీసుకుని ఆగుతుంది. మామూలుగా థ్రాటిల్ మూసినప్పుడు ఇంజన్ బైకును వెనక్కి పట్టి బ్రేకులకు సాయపడుతుంది. ఇప్పుడు అదే ఇంజన్ ముందుకు తోస్తోంది. తెరిచిన మేర మారకపోతే, వేగం తగ్గేకొద్దీ ఆ తోపు పెరుగుతుంది కూడా.

అబద్ధమైన సగం క్లచ్ దగ్గర మొదలవుతుంది. ఆగబోతూ ఎవరైనా క్లచ్ పట్టుకుంటారు. అప్పటిదాకా గాలిని చీల్చుకుని వెళ్తున్న ఇంజన్‌కు ఒక్కసారిగా భారం పోతుంది, థ్రాటిల్ మాత్రం తెరిచే ఉంది. ఇంజన్ గగ్గోలు పెడుతుంది. ఏమి జరిగిందో తెలియని మనిషి ఆ అరుపుకు బెదిరి క్లచ్ వదిలేస్తే బైకు ముందుకు దూకుతుంది. ఎదురుగా అడ్డం ఉన్నప్పుడే కదా మనం బ్రేకు వేసేది! ఆ దూకుడు సరిగ్గా దాని మీదికే.

ఇంకో విషయం కుడిచేతిది. గ్రిప్పు మీద ఉన్న చెయ్యి బ్రేకు లీవరు కోసం వేళ్లు చాపితే అరచెయ్యి సహజంగానే ముందుకు దొర్లుతుంది, దానితో థ్రాటిల్ మూసుకుంటుంది. సరిగ్గా అమర్చిన లాక్ ఆ దొర్లుడుకు లొంగుతుంది. కాని లాక్ వేసినవాళ్ల చెయ్యి గ్రిప్పు మీద ఉండదు, తొడ మీద ఉంటుంది. అక్కడి నుంచి లేచిన చెయ్యి కంగారులో నేరుగా లీవరు మీద పడుతుంది. వేళ్లు లీవరును బిగిస్తాయి, గ్రిప్పు తిరగదు. ఇన్నాళ్లూ స్ప్రింగు మనకు తెలియకుండా చేసిపెట్టిన పనిని ఇప్పుడు చేసేవారే లేరు. చెయ్యి తొడ మీది నుంచి లీవరు దాకా రావడానికి ఒక్క సెకను పట్టిందనుకున్నా, 90 వేగంలో అది 25 మీటర్లు. అందువల్ల వరుస ఇలా ఉండాలి: చెయ్యి ముందు గ్రిప్పు మీదికి రావాలి, థ్రాటిల్‌ను మూయాలి, ఆ తరువాతే లీవరు. ఇది ఆలోచించి చేసేంత తీరిక ఉండే సమయం కాదు కాబట్టి చేతికే అలవాటు కావాలి.

ఒకవేళ గ్రిప్పు నిజంగానే బిగుసుకుపోతే క్లచ్ పట్టుకుని, కుడి బొటనవేలితో ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్ నొక్కండి. ఇంజన్ ఆగినా బ్రేకులు పనిచేస్తాయి, హ్యాండిల్ తిరుగుతుంది. తాళంచెవి కోసం తడుముకోవద్దు.

"ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది."

నా దృష్టిలో ఈ సందేశంలోని అతి పెద్ద తప్పు ఇదే. లాక్ బిగువుకు ఒకే కొలత ఉంది: చెయ్యి తీస్తే స్ప్రింగు దాన్ని ఓడించకూడదు, చెయ్యి పెడితే మీరు అవలీలగా ఓడించగలగాలి. బటన్ విడిపించకుండానే, మీటను తాకకుండానే, మామూలు బలంతో గ్రిప్పు రెండు వైపులా తిరగాలి. అలా తిరగని లాక్ ఎంత పేరున్న కంపెనీదైనా విప్పి పక్కన పెట్టవలసిందే.

దాన్ని పరీక్షించడం ఇంటి దగ్గరే చేయవచ్చు. ఇంజన్ ఆపి, బైకును సెంటర్ స్టాండు వేసి, గ్రిప్పు సగం తిప్పి లాక్ వేయండి. చెయ్యి తీయండి, నిలవాలి. అరచేత్తో ముందుకు దొర్లించండి, మూసుకోవాలి. ఇప్పుడు లాక్ తీసేసి హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, ప్రతిచోటా గ్రిప్పు తిప్పి వదలండి. ఎక్కడైనా టక్కున మూసుకోవాలి. మెల్లగా, బద్ధకంగా మూసుకుంటే లాక్ వేయకపోయినా రాచుకుంటోందన్నమాట. తరువాత న్యూట్రల్‌లో ఇంజన్ వేసి మళ్లీ హ్యాండిల్ తిప్పి చూడండి. తిప్పుతుంటే ఇంజన్ చప్పుడు పెరిగితే యాక్సిలరేటర్ వైరు ఎక్కడో లాగుతోంది. చలికాలంలో వేసుకునే మందపాటి గ్లౌజులతో కూడా ఒకసారి చేయండి, ఆ గ్లౌజులు తొడుక్కున్నాక చిన్న బటన్లు చేతికి తెలియవు. బ్రేకు లీవరును పూర్తిగా నొక్కినప్పుడు లాక్ తగలకూడదు. కిల్ స్విచ్‌కు అడ్డం రాకూడదు.

హ్యాండిల్ చివర బరువు స్థానంలో బిగించే రకాల్లో ఇంకో చిక్కు ఉంది. గ్రిప్పు కొసకూ ఆ ముక్కకూ మధ్య సన్నని సందు ఉండాలి. ఒకసారి నిలిపి ఉంచిన నా బైకు పక్కకు ఒరిగి పడింది. లేపి చూస్తే గీతలు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంజన్ వేసి కొంచెం రేజ్ చేసి వదిలాను, చప్పుడు తగ్గలేదు. దెబ్బకు ఆ కొస ముక్క లోపలికి జరిగి గ్రిప్పును ఒరుసుకుంటోంది. న్యూట్రల్‌లో ఉంది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి బైకు పడినా, గ్రిప్పులు మార్చినా, ఎవరైనా ఆ చుట్టుపక్కల స్పానర్ పెట్టినా, మొదట చూసేది ఆ సందునే.

"రబ్బరు రింగుతో ఇంట్లోనే చేసుకోవచ్చు."

గ్రిప్పుకూ కొసకూ మధ్య రబ్బరు రింగు ఇరికించడం పాత చిట్కానే. పనిచేస్తుంది కూడా, ఒక్కోసారి ఒక్కోలా. ఎండకు మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది, వానలో జారుతుంది. నిన్న చేతికి లొంగిన రింగు ఇవాళ లొంగుతుందన్న హామీ లేదు. పైగా దాన్ని తీయడానికి వేళ్లతో దొర్లించాలి, ఒక్క నొక్కుతో విడిపోదు. ప్లాస్టిక్ టై బిగించేవాళ్లను కూడా చూశాను. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

కొందరు అరచేతి ఆనువును కూడా లాక్ అనేస్తున్నారు. గ్రిప్పుకు తగిలించే ఆ చిన్న ప్లాస్టిక్ రెక్క థ్రాటిల్‌ను పట్టి ఉంచదు, మణికట్టు శ్రమను తగ్గిస్తుంది, అంతే. చెయ్యి తీస్తే థ్రాటిల్ మూసుకుంటుంది. నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు అరచెయ్యి పొరపాటున దాన్ని నొక్కి రేజ్ ఇవ్వడం దాని జబ్బు. రద్దీలోకి వచ్చేముందు దాన్ని పక్కకు తిప్పేస్తే సరి.

"రెండు చేతులూ వదిలేయవచ్చు."

వీడియోల్లో బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే వేగంలో ఉన్న బైకు తిన్నగా సాగడానికి దాని ముందు చక్రం అమరికే చాలావరకు సాయపడుతుంది. చిన్న గుంట, పక్కగాలి, అడ్డం వచ్చిన కుక్క, వీటికి ఆ అమరిక దగ్గర జవాబు లేదు. ఎడమచెయ్యి హ్యాండిల్ మీద ఉండాలి, వేళ్లు క్లచ్‌కు అందుబాటులో ఉండాలి.

సందేశంలో వాన ఊసే లేదు, నేనే చెబుతాను. తడి రోడ్డు మీద, గులక మీద లాక్ వేయకూడదు. వెనక చక్రం జారితే మన చెయ్యి తనంతట తానే థ్రాటిల్ తగ్గిస్తుంది. లాక్ తగ్గించదు, జారిన చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది. మలుపుల్లో, ఊళ్లలో, కూడళ్ల దగ్గర, రాత్రి ముందేముందో కనిపించనప్పుడు కూడా దాని జోలికి పోవద్దు.

"పెట్రోలు ఆదా అవుతుంది."

కొంచెం అవుతుంది. థ్రాటిల్‌ను ఊరికే అటూ ఇటూ తిప్పకుండా ఉంటే ఇంధనం కలిసొస్తుంది, మిట్టల మీద వేగం తగ్గనిస్తే ఇంకొంచెం. నిదానమైన చెయ్యి కూడా అదే పని చేస్తుంది.

"కొత్తవాళ్లకు మరీ మంచిది."

కొత్తవాళ్ల కుడిచేతికి ఇంకా తనదైన అలవాటు ఏర్పడలేదు. ఏర్పడుతున్న దశలోనే దాన్ని తొడ మీద కూర్చోబెట్టమని చెబుతోంది ఈ సందేశం. నాకు దాన్ని పంపిన ముగ్గురిలో ఒకరిని ఖాళీ మైదానానికి తీసుకెళ్లాను. 40 వేగం, లాక్ వేసి ఉంది, చెయ్యి తొడ మీద ఉంది, నేను ఈల వేయగానే ఆపాలి. అతనికి వరుస ముందే చెప్పాను, తలూపాడు. మొదటిసారి నేరుగా లీవరు పట్టుకున్నాడు, ఇంజన్ గోల పెట్టింది. రెండోసారీ అంతే. తొమ్మిదోసారికి గాని చెయ్యి ముందు గ్రిప్పు మీదికి రాలేదు. పదోసారి మళ్లీ లీవరే.