మాకు అవగాహన సరిపోయింది సార్

మా మండలంలో అవగాహన లేని మనిషిని వెతికి పట్టుకోవడం ఇప్పుడు చాలా కష్టం. గొప్పకు చెప్పడం లేదు. మార్చి 21న అడవి మీద, మర్నాడు నీళ్ల మీద, 24న క్షయ మీద, ఏప్రిల్ 7న ఆరోగ్యం మీద, అదే నెల 25న మలేరియా మీద, జూన్ 5న పర్యావరణం మీద, 19న సికిల్ సెల్ అనే రక్తజబ్బు మీద, సెప్టెంబరు నెలంతా పోషణ మీద, డిసెంబరు 10న మానవ హక్కుల మీద, 24న వినియోగదారుల హక్కుల మీద, ఇట్లా పత్తికి మందు కొట్టినట్టు మాకు వరసబెట్టి అవగాహన కొడుతూనే ఉన్నారు. పురుగు చచ్చిందా లేదా అన్నది తర్వాతి సంగతి, మందు కొట్టినట్టు ఫొటో ఉండాలి.

ఈ పనంతా జరిగేది మా గిరిజన సామాజిక భవనంలో. ఆదిలాబాద్ అడవుల్లో, గోండు గూడేల నడుమ, సున్నం రాలుతున్నా ఠీవిగానే నిలబడి ఉంటుంది. ఆ భవనం కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి. రిటైరైన బడిపంతుల్ని, ఎట్లాగూ పని లేదు కదా అని వేశారు. ఈ మధ్య కొందరు కుర్రాళ్లు, నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్లే, ఈ అవగాహన దినాల గురించి అవాకులూ చెవాకులూ పేలుతున్నారు. కమిటీ తరఫున జవాబు చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది.

వాళ్ల గొడవల్లో అన్నిటికంటే పాతది తాళం. భవనానికి ఏడాదిలో మూడొందల రోజులు తాళమే ఉంటుందట, తాళంచెవి 40 కిలోమీటర్ల అవతల ఒక సార్ బీరువాలో ఉంటుందట, ఆ బీరువా తాళంచెవి ఇంకో సార్ జేబులో ఉంటుందట. నిజమే. కానీ పిల్లలు ఆలోచించడం లేదు. చెవి ఊరి చేతికిస్తే ఏమవుతుంది? జనం లోపలికొస్తారు. కూర్చుంటారు. రెండొందల ప్లాస్టిక్ కుర్చీలున్నాయి, సగానికి కవర్లు కూడా తియ్యలేదు, అవన్నీ పాడైపోవూ? సామాజిక భవనమంటే సమాజం పేరు మీద ఉండే భవనం, సమాజం ఉండే భవనం కాదు. మా రాయి సెంటర్, అంటే గోండుల పంచాయితీ, కూర్చునేది భవనం ముందున్న ఇప్పచెట్టు కింద. పెళ్లి తగాదా అయినా, గట్టు తగాదా అయినా ఆ పంచాయితీ పెద్ద సార్మేడి దగ్గర అక్కడే తెగుతుంది. ఆ చెట్టుకు తలుపు లేదు కాబట్టి తాళం సమస్య రాలేదు.

ఫ్లెక్సీల ఖర్చు దండగ అంటున్నారు కొందరు. ఇది పూర్తిగా తప్పు. మా ఊళ్లో అవగాహన వల్ల నేరుగా లాభపడినవి కోళ్లు. పోయినేడు ఆగస్టు ఫ్లెక్సీ మా పక్కింటి కోళ్ల గూటి మీద ఉంది, చుక్క నీరు దిగలేదు. క్షయ దినం ఫ్లెక్సీ పత్తి బస్తాల మీద కప్పారు. నీటి దినోత్సవం ఫ్లెక్సీ నీళ్లు కారే కప్పు కింద కట్టారు, అదొక్కటే తన పేరు నిలబెట్టుకుంది. ముఖ్య అతిథులు చేతులు జోడించి ఎండకూ వానకూ మా కప్పుల మీద పడి ఉంటే ప్రజలకు దూరమయ్యారని ఎట్లా అంటారు?

ఇక ఆగస్టు 9. ప్రపంచ ఆదివాసీ దినోత్సవం, మా భవనానికి సంవత్సరాది. ఎందుకు ఆ తేదీ అంటే, 1982లో ఆ రోజున జెనీవాలో ఐక్యరాజ్యసమితి వాళ్లు ఆదివాసుల సంగతులు చూడ్డానికి పెట్టిన బృందం మొదటిసారి కూర్చుని మాట్లాడుకుంది. 1994లో దాన్ని ప్రపంచ దినం చేశారు. నేను ఈ సంగతి పిల్లలకు చెబుతుంటే వెనక బెంచీలో ఒకడు లేచి అడిగాడు, సార్, కూర్చుని మాట్లాడుకున్నందుకే దినోత్సవమా, మనోళ్లు అంతకు ముందే ఇంద్రవెల్లిలో కూర్చుని మాట్లాడుకుందామని వెళ్లారు కదా అని. వెళ్లారు. 1981 ఏప్రిల్ 20. భూముల గురించి మాట్లాడుకుందామని గూడేల నుంచి నడిచి వచ్చారు, పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క ప్రకారం చచ్చిపోయింది 13 మంది. మా వాళ్ల లెక్క వేరే ఉంది, దానికి రిజిస్టరు లేదు. తర్వాత చాలా ఏళ్లపాటు ఆ రోజున స్తూపం దగ్గరికి పోయి పువ్వు పెట్టాలన్నా పోలీసులు ఆపేవాళ్లు. ఆ తేదీన మా భవనంలో ఎప్పుడూ అవగాహన సదస్సు పెట్టలేదు. ఎండాకాలం కదా, హాల్లో ఫ్యాన్లు సరిగా తిరగవు.

సరే, ఆగస్టు 9 కార్యక్రమం పదిన్నరకు. పిల్లల్ని ఎనిమిదింటికే వరసలో నిలబెడతాం. అతిథులు ఒంటిగంటకు వస్తారు. కారు మలుపు తిరిగేసరికి డోలు మోగాలి, పెప్రె ఊదాలి, గుస్సాడీ ఎగరాలి. ఇక్కడే మా పెద్దవాళ్లు కొంచెం ఇబ్బంది పెడుతుంటారు. గుస్సాడీ అంటే దీపావళి ముందు మా దండారీ పండగ రోజుల్లో మాత్రమే వేసే వేషమట. నెమలి ఈకల టోపీ దేవుడితో సమానమట, పూజ చేసి తియ్యాలట, వేషం కట్టినవాడు స్నానం కూడా చెయ్యకుండా నియమంతో ఉండాలట, పండగ అయిపోతే మళ్లీ పూజ చేసి దాచాలట. ఇదంతా కార్యక్రమం పెట్టే సార్‌కు విన్నవించాం. ఆయన చాలా ఓపిగ్గా విని, "రెండు నిమిషాలు చాలు" అన్నారు. దేవుడికి రెండు నిమిషాల కన్సెషన్ ఉంటుందని అప్పటిదాకా మాకు అవగాహన లేదు. పోయినసారి ఒక అతిథి టోపీ తీసి తనే పెట్టుకుని సెల్ఫీ దిగాడు, అది ఆయన తలకు పెద్దదైపోయి కళ్ల మీదికి జారితే అందరూ చప్పట్లు కొట్టారు. మా పూజారి కటోడా మాత్రం ఆ రోజు అన్నం ముట్టలేదు. మార్లవాయి గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, నిజంగా సంతోషించాం, కానీ ఆ తర్వాత ప్రతి ఆఫీసుకూ గుస్సాడీ అనేది ఫోన్ చేస్తే వచ్చే సరుకని తెలిసిపోయింది.

భాష సంగతి. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం నాడు మాతృభాషను కాపాడుకోవాలని మాకు తెలుగులో చెప్పారు, మధ్యలో కొంత ఇంగ్లిష్‌లో చెప్పారు, వందన సమర్పణ హిందీలో జరిగింది. గోండీలో మాట్లాడింది ఒక్కరే, టీ పోసే ఆమె, "ఇంకా కావాలా" అని. 2011 జనగణనలో గోండీ మాట్లాడతామని రాయించుకున్నది దాదాపు 30 లక్షల మంది. సంస్కృతం రాయించుకున్నది 24,821 మంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల జాబితాలో ఉన్నది సంస్కృతం, లేనిది గోండీ. దీని గురించి సదస్సులో ఒకాయన అడిగితే, సంఖ్యను బట్టి చూడకూడదు, ప్రాచీనతను బట్టి చూడాలి అన్నారు స్టేజీ మీది సార్. ఆదివాసులు మూలవాసులు, అందరికంటే ప్రాచీనులు అని అంతకు పది నిమిషాల ముందు అన్నదీ ఆ సారే. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతపుస్తకాల్లోని గోండీ లిపి 2018లో యూనికోడ్‌కు ఎక్కింది, కంప్యూటర్లు మా అక్షరాల్ని ఒప్పుకున్నాయి. మా భవనం బోర్డు ఇంకా ఒప్పుకోలేదు. పెయింటర్‌కు రాదట.

తిండి గురించి ఎక్కువ చెప్పను, కడుపు మండుతుంది. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం. మా తాతముత్తాతలు జొన్న గటకతో బతికారు, దాన్ని మాన్పించి రేషన్ బియ్యం అలవాటు చేశారు, ఆ యేడు వచ్చి జొన్న చాలా మంచిదని ప్రొజెక్టర్ మీద చూపించారు. చివర్లో జొన్న బిస్కెట్ల ప్యాకెట్లు పంచారు. మా అత్తమ్మ ఒకటి కొరికి, "ఎవరికి జబ్బు?" అని అడిగింది. ఇప్పపువ్వుకూ అంతే. లడ్డూ చేసి స్టేజీ మీద పెడితే పౌష్టికాహారం, ఇంట్లో కుండలో నానబెడితే కేసు. రెండిటికీ పువ్వు ఒకే చెట్టుది, భవనం ముందున్నదే.

కుర్రాళ్ల అన్నిటికన్నా పెద్ద ఆరోపణ, ఈ సదస్సుల్లో ప్రశ్నలకు జవాబులు ఉండవని. అన్యాయం. జవాబు ఉంటుంది, ఒక్కటే ఉంటుంది. అటవీ హక్కుల చట్టం మీద సదస్సు పెట్టారు. 2006 చట్టం, 2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచి సాగులో ఉన్న భూమికి హక్కు, గ్రామసభ దగ్గర మొదలుపెట్టాలి, అన్నీ చక్కగా చెప్పారు. వెనక నుంచి ఒక ముసలాయన లేచి, సార్, ఇదంతా ఎప్పుడో చేశాను, దరఖాస్తు పెట్టి పద్నాలుగేళ్లయింది, అదేమైంది అన్నాడు. సార్ చిరునవ్వుతో, "తాతా, ఇది అవగాహన సదస్సు, ఫిర్యాదుల సదస్సు కాదు" అన్నారు. తాత కూర్చున్నాడు. తన దరఖాస్తు ఏమైందో తప్ప మిగతా అన్నిటి మీదా ఆయనకు సంపూర్ణ అవగాహన ఉంది. తర్వాత హాజరు కాగితం వచ్చింది. అందరూ సంతకాలు, వేలిముద్రలు. పైన ఏమీ రాసి లేదు, ఖాళీగా ఉంది. గిరిజన ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిచ్చిన పీసా చట్టం వచ్చిన 1996 నుంచి మా వాళ్లకు కాగితం మీద సంతకమంటే భయం, ఎందుకంటే ఈ రోజు హాజరు కాగితం రేపు గ్రామసభ తీర్మానమై తేలవచ్చు. నేను మాత్రం నమ్మాను, పెట్టాను. నమ్మకపోతే లడ్డూ ఇవ్వరు.

ఇప్పుడు ఒక చరిత్ర సంగతి చెప్పక తప్పదు, కుర్రాళ్లు దీన్నే పట్టుకుని వాదిస్తున్నారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను చంపాక, ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలియక నైజాం సర్కారు తల పట్టుకుంది. హైమన్‌డార్ఫ్ అనే మనుషుల శాస్త్రం చదివిన ఆయన్ను పంపించింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని, మా మాట నేర్చుకుని, మా కష్టాలన్నీ రాసి సర్కారుకు ఇచ్చాడు. అంటే అవగాహన కలిగించింది మాకు కాదు, సర్కారుకు. ఆ 1940ల్లోనే కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. పుష్య అమావాస్యకు మెస్రం వంశంవాళ్లు కాలినడకన వెళ్లి హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు తెచ్చి పూజ చేస్తారు, కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ జరుగుతుంది, ఎక్కడెక్కడి వాళ్లో వేలకు వేలు వస్తారు, ఎట్లాగూ అందరూ ఒకచోట ఉన్నారు కదా, అధికార్లే అక్కడికి వచ్చి కూర్చుని వినండి అన్నది ఆ ఏర్పాటు. తేదీ మాది, చోటు మాది, మాట మాది, వినే పని వాళ్లది.

చూడండి ఎంత వెనకబడిన పద్ధతో. అందులో ఫ్లెక్సీ లేదు, హాజరు కాగితం లేదు, తేదీ చెప్పాలంటే ఆకాశంలో చంద్రుణ్ణి చూడాలి. ఆ దర్బారు ఇప్పటికీ ఏటా జరుగుతోంది, నేనూ పోతుంటాను. కాలంతోపాటు మెరుగైంది. స్టేజీ ఎత్తు పెరిగింది, మైకు వాళ్ల దగ్గర ఉంటుంది, దరఖాస్తు మా దగ్గర ఉంటుంది.

కాబట్టి కమిటీ ఈ విమర్శలన్నిటినీ ఖండిస్తోంది. ఒక్క చిన్న విన్నపం మాత్రం పై ఆఫీసుకు పంపాం. ఏడాదిలో ఇన్ని దినాలున్నాయి, ఏదో ఒక రోజు, తేదీ వాళ్ల ఇష్టం, మాకు అవగాహన సెలవు ఇవ్వమని. ఆ రోజు భవనం తాళం తీస్తే చాలు, ఎవరూ రానక్కర్లేదు. దానికి జవాబు వచ్చింది. సెలవు మీద మాకు అవగాహన సదస్సు పెడతారట.

పోయిన దండారీకి పక్క గూడెం నుంచి మా ఊరికి అరవై మంది వచ్చారు. దండారీలో ఒక ఊరు ఇంకో ఊరికి అతిథిగా పోవడం ఆనవాయితీ, వచ్చినవాళ్లకు ఇంటింటి నుంచి అన్నం పెట్టి, రాత్రి పడుకోబెట్టి పంపాలి. ఆ రాత్రి అకాల వాన. భవనం తాళం తీయిద్దామని ఫోన్ చేస్తే సార్ పండగ సెలవులో ఉన్నారు. వరండాలో సగం మంది సర్దుకున్నారు, మిగతా సగానికి నాలుగు కర్రలు పాతి ఆగస్టు ఫ్లెక్సీలు పైన కట్టాం. టోపీలు తడవకుండా ముందు వాటిని లోపలికి పెట్టి, మనుషులు అంచుల్లో పడుకున్నారు. సార్మేడి దాదా వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నాడు. లాంతరు వెలుగులో ఫ్లెక్సీ మీద బొమ్మ, చేతులు జోడించుకుని నవ్వుతోంది.

"ఎవరు ఈయన?" అన్నాడు.

"ముఖ్య అతిథి, దాదా."

"అతిథా?" అని లేచి కూర్చున్నాడు. "మరి అన్నం తిన్నాడా?"