మోర్మన్ కుర్రాళ్లకు జీతం ఎవరిస్తున్నారు? ఒక ఫార్వర్డ్‌కు జవాబు

అమెరికాలోని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పాత మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బ్యాడ్జితో ఇద్దరిద్దరుగా వచ్చి తలుపు కొట్టే మోర్మన్ కుర్రాళ్ల గురించి. మోర్మన్లంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు, ఈ కుర్రాళ్లు రెండేళ్లు దాని ప్రచారానికి వెళ్లేవాళ్లు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: వాళ్లకు చర్చి భారీగా జీతం ఇస్తుంది, మతం మార్చిన మనిషికింత అని కమిషన్ కూడా ముడుతుంది. విదేశాలకు వెళ్లేవాళ్లంతా తెల్లవాళ్లు, అసలు సీఐఏ మనుషులు. రెండేళ్లూ అమ్మానాన్నలతో మాట్లాడనివ్వరు. వెళ్లనన్నవాణ్ని వెలివేస్తారు. ఆడవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లు చూసుకుని మరీ వస్తారు. తిరిగెళ్లాక ఒక్కొక్కడికి నలుగురు పెళ్లాలు. చివర్లో ‘మీ వాళ్లందరికీ పంపండి’ మామూలే.

నేను ఆ మతంవాణ్ని కాను, అయ్యే ఉద్దేశమూ లేదు. ఉద్యోగం మోర్మన్లు ఎక్కువగా ఉండే యూటా రాష్ట్రంలో కాబట్టి, మిషన్, అంటే ఆ రెండేళ్ల ప్రచారం, చేసి వచ్చినవాళ్లతోనే రోజంతా పని. వాళ్లను అడగాల్సిన ప్రశ్నలు చాలానే ఉన్నాయి. ఈ మెసేజ్ వాటి జోలికే పోలేదు.

ముందు జీతం సంగతి. జీతం మాట దేవుడెరుగు, ఎదురు డబ్బు కట్టాలి. అమెరికా నుంచి వెళ్లే కుర్రాడి తరఫున నెలకు 500 డాలర్లు చర్చికి చేరాలి. 2020 జూలై దాకా అది 400. రెండేళ్లకు 12,000 డాలర్లు, అంటే మన లెక్కలో పది లక్షల పైమాటే. చాలామంది స్కూల్లో ఉండగానే సూపర్ మార్కెట్లలో పనిచేసి, పక్కింటివాళ్ల గడ్డి కోసి కొంత కూడబెడతారు, మిగతాది ఇంట్లోవాళ్లు వేస్తారు. పేద దేశాల పిల్లలు తమకు చేతనైనంత కడతారు, తక్కువ పడింది చర్చి నిధి నుంచి వస్తుంది. ఈ డబ్బంతా ఒకచోట కలిపి, ఏ దేశంలో ఖర్చు ఎంతో చూసి, తిండికీ తిరగడానికీ నెలనెలా కొంత ఇస్తారు. 1990 వరకు ఈ ఏర్పాటు కూడా లేదు. ఏ దేశం పడితే ఆ దేశం ఖర్చు ఆ ఇంటివాళ్ల నెత్తినే. పిల్లాడికి జపాన్ పడిందంటే తండ్రికి సంతోషంతో పాటు గుండె దడ కూడా ఉండేదట. ఎందుకంటే దేశాన్ని ఎంచుకునే వీలు ఎవరికీ లేదు. దరఖాస్తు పెట్టుకుంటే చర్చి ప్రధాన కార్యాలయం ఉన్న సాల్ట్ లేక్ సిటీ నుంచి పిలుపు వస్తుంది. బ్రెజిల్ కావచ్చు, పక్క రాష్ట్రం కావచ్చు. హాస్టల్లో ఉన్న పిల్లాడికి ఇంటి నుంచి వెళ్లే డబ్బును మనం జీతం అనం కదా, ఇదీ అంతే.

కమిషన్ కూడా లేదు. అయితే అంకెల పిచ్చి లేదని మాత్రం నేను అనను. 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లో కొందరు మిషనరీలు మగపిల్లలను బేస్‌బాల్ ఆటకు పోగుచేసి, టీమ్‌లో చేరాలంటే బాప్తిస్మం తీసుకోవాలన్నట్టు నడిపించారు. ఆ పిల్లల్లో చాలామంది మళ్లీ చర్చి మొహం చూడలేదు, తర్వాత పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. ‘బేస్‌బాల్ బాప్తిస్మాలు’ అని మోర్మన్లే ఇప్పటికీ సిగ్గుపడుతూ చెప్పుకుంటారు. ఇప్పుడైతే బోధించినవాడు కాకుండా వేరేవాళ్లు ఇంటర్వ్యూ చేశాకే బాప్తిస్మం. మైనర్లకు తల్లిదండ్రుల అనుమతి, పెళ్లయినవాళ్లకు భర్త లేదా భార్య అనుమతి ఉండాలి. అయినా వారం వారం ఎంతమందిని కలిశారు, ఎంతమంది ఆదివారం వచ్చారు అనే లెక్కలు మాత్రం పోలేదు. సేల్స్ టార్గెట్లు చూసిన నాకు ఆ టెన్షన్ కొత్తగా అనిపించలేదు. తేడా ఒక్కటే, ఇక్కడ ఇన్సెంటివ్ లేదు.

సీఐఏ ఆరోపణను సరదాగా తీసుకోలేం. 1989 మేలో బొలీవియాలోని లాపాజ్‌లో ఇద్దరు మోర్మన్ మిషనరీలను ఒక తీవ్రవాద ముఠా కాల్చి చంపింది. అమెరికా సామ్రాజ్యవాదం మీద కోపం ఆ ఇద్దరు కుర్రాళ్ల మీద తీర్చుకుంది. సరిగ్గా మరుసటి నెల ఘనా ప్రభుత్వం ఈ చర్చి కార్యకలాపాలను నిషేధించి విదేశీ మిషనరీలను పంపించేసింది. ఆ నిషేధం 1990 నవంబర్లో గానీ ఎత్తేయలేదు. మరి పుకారు ఎందుకు చావదు? పరాయి భాష ధారాళంగా మాట్లాడుతూ, తాగుడు, డ్రగ్స్ చరిత్ర లేకుండా తిరిగొచ్చే కుర్రాళ్లంటే సీఐఏకు ఇష్టమే. వాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకుంటుందన్నది ఇక్కడ బహిరంగ రహస్యం. అది వచ్చిన తర్వాతి సంగతి. మత ప్రచారకులతో రహస్యంగా డబ్బు సంబంధాలు పెట్టుకోబోమని 1976లోనే సీఐఏ ప్రకటించింది. తర్వాత డైరెక్టర్ అనుమతితో మినహాయింపుకు దారి ఉంచుకున్నారు కాబట్టి దాన్ని కళ్లు మూసుకుని నమ్మమని చెప్పను. కానీ డెబ్బై వేలకు పైగా ఉన్న పిల్లలందరినీ గూఢచారులనాలంటే రుజువు చూపించాల్సింది అన్నవాళ్లే.

‘అంతా తెల్లవాళ్లే’ అనేదీ తప్పే. ఫిలిప్పీన్స్, బ్రెజిల్, నైజీరియా పిల్లలు బోలెడుమంది వెళ్తున్నారు. అంతెందుకు, హైదరాబాద్‌లో ఈ చర్చి వేళ్లూనుకోవడం వెనక ఉన్నది తెలుగువాళ్లు. సమోవాలో ఉంటూ ఈ మతంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు దంపతులు 1978లో కొద్దిరోజుల మిషన్ మీద హైదరాబాద్ వచ్చి, ముందు తమ బంధువులకే చెప్పారు. భారతదేశంలో ఈ చర్చి తొలి ‘స్టేక్’, అంటే కొన్ని సంఘాలను కలిపిన పెద్ద విభాగం, 2012లో ఏర్పడిందీ అక్కడే.

ఇంటితో మాట్లాడనివ్వరన్నది ఒకప్పుడు సగం నిజం. ఫోన్ క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ మాత్రమే, మిగతా వారాలు ఉత్తరమో ఈమెయిలో. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి ఫోన్, వీడియో కాల్ చేసుకోవచ్చు. మెసేజ్ రాసినాయనకు ఆ వార్త అందలేదు.

వెలి దగ్గర కాస్త ఆగాలి. వెళ్లనివాణ్ని చర్చి నుంచి తీసేయరు, అలాంటి నియమం లేదు. మగపిల్లలకు అది బాధ్యత అని చెబుతారు, ఆడపిల్లలకు ఇష్టమైతేనే అంటారు, వాళ్లది పద్దెనిమిది నెలలే. 2012 అక్టోబర్లో కనీస వయసును మగపిల్లలకు 19 నుంచి 18కి, ఆడపిల్లలకు 21 నుంచి 19కి తగ్గించగానే, 60 వేల లోపు ఉన్న సంఖ్య రెండేళ్లు తిరక్కుండానే 80 వేలు దాటింది. ఇష్టపడి వెళ్లేవాళ్లు అంతమంది ఉన్నారన్నమాట. కానీ యూటాలో పెళ్లి సంబంధాల దగ్గర ‘అబ్బాయి మిషన్ చేశాడా’ అన్నది ఇప్పటికీ అడిగే ప్రశ్నే. దానికి ‘మధ్యలో వచ్చేశాడు’ అని జవాబు చెప్పుకోవాల్సిన ఇంటి పరిస్థితి ఆలోచించండి.

మా టీమ్‌లో ఒకాయన అలా వచ్చినవాడే. జపాన్‌లో సప్పోరో పడింది. పొద్దున ఆరున్నరకు లేవడం, చదువు, భాష, ప్రార్థన, తర్వాత రాత్రి దాకా మంచులో తలుపులు కొట్టడం. సినిమా లేదు, అమ్మాయిలతో తిరగడం లేదు. జోడీగా ఇచ్చిన కుర్రాణ్ని వదిలి ఒంటరిగా ఎక్కడికీ వెళ్లకూడదు. వాడితో పడినా పడకపోయినా బదిలీ వచ్చేదాకా అంతే. వారానికో రోజు బట్టలు ఉతుక్కోవడానికీ సరుకులు తెచ్చుకోవడానికీ సెలవు. ఇవన్నీ భరించానంటాడు. భరించలేనిది వేరే. మోర్మన్ గ్రంథం చివరి భాగంలో ఒక వాగ్దానం ఉంది, ఇది నిజమో కాదో మనస్ఫూర్తిగా దేవుణ్నే అడిగితే జవాబు వస్తుందని. మిషనరీ ప్రతి ఇంట్లో చెప్పేది చివరికి అదే: చదవండి, అడగండి. ‘నాకే ఆ జవాబు వచ్చిందో లేదో తెలియదు. రాని జపనీస్‌లో రోజూ ముసలివాళ్లకు మాటిస్తున్నాను’ అన్నాడు. ఏడో నెలలో నిద్రపట్టడం మానేసింది, డాక్టర్ ఇంటికి పంపమన్నాడు. సాల్ట్ లేక్ ఎయిర్‌పోర్టులో మిషన్ ముగించి వచ్చేవాళ్లకు బెలూన్లు, బ్యానర్లు, ఊరంతా వచ్చినంత హడావుడి. ఈయనకు వాళ్లమ్మ ఒక్కతే వచ్చింది. చర్చిలో ఎవరూ ఒక్క మాటనలేదట, ఏమీ అడగకపోవడమే ఎక్కువ బాధపెట్టిందట. ఇప్పటికీ ఆదివారం చర్చికి వెళ్తాడు, జపాన్ అంటే ప్రాణం. అడగాల్సిన ప్రశ్నలు ఇలాంటి చోట ఉన్నాయి: పద్దెనిమిదేళ్లవాడి మీద ఇంత బరువు ఎందుకు, మోయలేనివాడికి తలెత్తుకుని తిరిగొచ్చే దారి ఉందా అని.

ఒంటరి ఆడవాళ్ల ఇళ్లన్నది మరీ అన్యాయం. నియమం సరిగ్గా దానికి వ్యతిరేకం. ఇంట్లో పెద్దవయసు మగమనిషి ఇంకొకరు లేకపోతే ఈ కుర్రాళ్లు ఒంటరి స్త్రీ ఉన్న ఇంట్లోకి అడుగుపెట్టరు. కిందటేడు వేసవిలో మా అత్తగారు ఒక్కరే ఉన్నప్పుడు వచ్చారు. ఎండలో నిలబడ్డారు పాపం అని ఆవిడ లోపలికి రమ్మని సైగ చేస్తే రాలేదు. టీ తెస్తే తాగలేదు, వాళ్ల మతంలో టీ, కాఫీ నిషిద్ధం. ఈ రెండో అవమానంతో ఆవిడకు బాగా కోపం వచ్చింది. చివరికి మజ్జిగ ఇస్తే గుమ్మం బయటే నిలబడి గ్లాసు ఖాళీ చేసి, దండం పెట్టి వెళ్లారు. పుస్తకం మాత్రం వదిలి వెళ్లారనుకోండి.

ఇక నలుగురు పెళ్లాలు. బహుభార్యాత్వం ఈ మతంలో ఉండేది, దాచాల్సింది ఏమీ లేదు. 1890లో చర్చి అధ్యక్షుడు విల్‌ఫర్డ్ వుడ్రఫ్ దాన్ని ఆపమని ప్రకటించాడు. తర్వాతా చాటుమాటుగా సాగుతుంటే 1904లో ఇంకో ప్రకటనతో గట్టిగా బిగించారు. ఇప్పుడు ఒక భార్య ఉండగా ఇంకో పెళ్లి చేసుకున్నవాణ్ని బహిష్కరిస్తారు. టీవీల్లో చూపించే పెద్ద పెద్ద బహుభార్యా కుటుంబాలు ఈ గొడవ మీదే విడిపోయిన వేరే వర్గాలవి. మీ తలుపు కొట్టేవాళ్లను వాళ్లు పంపలేదు.